మూడో ముడుపు

మా పక్కింటి గంగాదాస్ కూర్చుని అన్నం తినగా చూసినవాళ్లు ఆర్మూర్‌లో తక్కువ. కంచం చేత పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేవాడు. మనం మాట్లాడుతుండగానే చెప్పులు తొడుక్కునేవాడు. సౌదీ వెళ్లాక ఆ జబ్బు ఇంకా ముదిరింది. రెండు నెలల సెలవు మీద ఇంటికి వచ్చినా చేతి గడియారం చూసుకుంటూనే ఉండేవాడు.

ఆయన భార్య నీలవ్వ నాతోపాటు బీడీలు చుట్టేది. 1992 నాటికి పెళ్లయి ఆరేళ్లు. అందులో మొగుడితో కలిసి ఉన్నది ఏడు నెలలు. నేనే వేళ్ల మీద లెక్కపెట్టాను. పిల్లలు ఎందుకు లేరని వాడకట్టంతా ఆమెనే అడిగేది. మొగుడు సౌదీలో ఉంటే ఆమె ఒక్కతే ఏం చేస్తుందని ఒక్కరికీ తోచలేదు. నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు వినాయకుణ్ణి నిమజ్జనం చేసిన వారం, సౌదీకి తిరిగి పోవడానికి గంగాదాస్‌కు మంగళవారం బొంబాయి బస్సు ఉంది. శని, ఆదివారాలు భార్యను బండి మీద తిప్పుతానన్నాడు. ఆ సెలవులోనే కొన్న పాత రాజ్‌దూత్ అది. ఆయనకు కుంటాల జలపాతం చూడాలని కోరిక. సౌదీలో ఆయన గది గోడకు ఏదో జలపాతం బొమ్మ ఉన్న క్యాలెండర్ ఉండేదట. ఏడాది అయిపోయినా దాన్ని తీయనివ్వలేదట.

నీలవ్వకు మాత్రం గుళ్లు కావాలి. పసుపు గుడ్డలో పసుపు కొమ్ము, రూపాయి బిళ్ల కట్టిన ముడుపులు మూడు ఉన్నాయి ఆమె దగ్గర. మూడు నెలలు ఉత్తరం రానప్పుడు సిద్దులగుట్ట దేవుడికి ఒకటి కట్టింది. యుద్ధం అని రేడియోలో విన్ననాడు బాసర సరస్వతికి ఒకటి. మూడోది ఎందుకో నాకొక్కదానికే తెలుసు. ఆయన మళ్లీ సౌదీ పోకుండా ఇంటి పట్టున ఉంటే లింబాద్రి గుట్ట నరసింహస్వామికి చెల్లిస్తానని మొక్కుకుంది. ఆ మాట ఆయనతో చెప్పాలి. రెండు రోజుల్లో ఎక్కడో ఒకచోట కుదురుగా కూర్చోకపోతాడా అని ఆమె ఆశ.

"నువ్వు ఫికర్ చెయ్యకు, నీ బీడీల ఆకు నేను కత్తిరిస్త. గా మాట మాత్రం చెప్పి రా" అని పంపించాను.

శనివారం పొద్దున్నే సిద్దులగుట్ట ఎక్కారు. నీలవ్వ మొదటి ముడుపు దేవుడి ముందు పెట్టి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి గంగాదాస్ సగం మెట్లు దిగి, కింద నిలబడి తాళంచెవి ఆడిస్తున్నాడు. అక్కడి నుంచి సోన్ వంతెన దాటి, నిర్మల్ దాటి, మధ్యాహ్నానికి కుంటాల చేరారు. దారిలో ఒక్కసారి ఆపాడు, అదీ పెట్రోలు కోసం.

జలపాతం దగ్గరికి దిగడానికే చాలాసేపు పట్టింది. నీలవ్వ ఒక బండ మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టింది. అంత నీరు పైనుంచి పడుతుంటే ఆమెకు ఎందుకో ఏడుపొచ్చిందట.

"జర గీడ కూసో. ఒక మాట చెప్పాలె" అంది.

నీళ్ల హోరులో ఆయనకు వినపడలేదు. ఆకలంటోందనుకుని మరమరాల పొట్లం చేతిలో పెట్టాడు. ముఖం కడుక్కున్నాడు, గడియారం చూసుకున్నాడు. "మస్తున్నది. ఇగ నడువు" అన్నాడు. క్యాలెండర్‌లో ఏళ్లకేళ్లు చూసిన మనిషి, ఎదురుగా పావుగంట చూడలేకపోయాడు.

ఆ రాత్రికి నిర్మల్‌లో ఆయన స్నేహితుడి ఇంట్లో ఉండి, ఆదివారం బాసర వెళ్లారు. దర్శనమైంది, రెండో ముడుపు చెల్లింది. తర్వాత గంగ ఒడ్డుకు దిగారు. గోదావరిని మేము గంగ అనే అంటాం.

"ఇంకోటి ఉన్నది గదా, ఏ దేవునిది?" అని అడిగాడు.

"లింబాద్రి గుట్ట నర్సింహసామిది. గది ఇప్పుడే కాదు, ముందుగాల నువ్వు..."

"గా గుట్టకు ఇంకెప్పుడు పోతం? రేపు సామాను కట్టుకోవాలె. గంగల ఇడిస్తే ఏ దేవునికైనా ముడుతది."

ఆమె చేతిసంచిలోంచి ముడుపు తీశాడు. కళ్లకద్దుకుని నీళ్లలోకి విసిరేశాడు. ఒక పనైపోయినట్టు చేతులు దులుపుకున్నాడు.  నీలవ్వ వచ్చి బండెక్కింది.

నవీపేట్ పోయింది, నిజామాబాద్ పోయింది. మాక్లూర్ దాటాక ఆమె మొగుడి వీపు మీద తట్టింది.

"బండి ఆపు."

ఆపాడు గానీ ఇంజన్ ఆపలేదు. ఒక కాలు నేల మీద పెట్టి, "ఏమైంది?" అన్నాడు. నీలవ్వ దిగి, బండికున్న తాళంచెవి లాగి కొంగున ముడేసుకుంది. బండి చప్పుడు ఆగిపోయింది.

"గా మొక్కు నువ్వు మళ్ల సౌదీ పోవద్దని మొక్కిన. నువ్వు ఇంటికాడ ఉంటెనే చెల్లించాలె. ఉంటవో లేదో తెల్వకముందే నువ్వే చెల్లిస్తివి."

గంగాదాస్ ముఖం పాలిపోయింది. దేవుడి దగ్గర అబద్ధమాడినట్టయింది మరి. నెమ్మదిగా వెళ్లి మక్కచేను గట్టు మీద కూర్చున్నాడు.

"ముందుగాల చెప్పద్దా?" అన్నాడు.

"నువ్వు యాడన్న కూసుంటివా, చెప్పతందుకు?"

ఆయన ఒక మట్టిగడ్డ తీసి నలిపాడు. తలెత్తకుండానే అన్నాడు.

"దేవుండ్లనందర్ని అడిగినవు. ఒక్కపారన్న నన్ను అడిగినవా?"

 ఆరేళ్ల ఉత్తరాల్లో నీలవ్వ అందరం మంచిగున్నమని, వాకిట్లో దండెం తెగేటట్టున్నదని, ఇట్లాంటివే రాయించింది. ఆ ఉత్తరాలు రాసింది నేనే. ఆమె ఈ సంగతి చెప్పినప్పుడు నాకు సిగ్గేసింది.

"ఇప్పుడు అడుగుతున్న. పోకు" అంది.

ఆయన లేచి, తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

సోమవారం సామాను కట్టాడు. పెద్ద పెట్టె, దాని మీద తెల్లరంగుతో పేరు, ఊరు, జిల్లా. చుట్టూ పచ్చటి నైలాను తాడు, నాలుగు ముళ్లు.  మంగళవారం నీలవ్వా నేనూ వాకిట్లో చాటలు పెట్టుకుని కూర్చున్నాం. ఆమె చుట్టిన బీడీ చుట్టినట్టే విడిపోతోంది. ఆయన ఇంట్లోకీ గేటు దగ్గరికీ తిరుగుతున్నాడు. మూడుసార్లు చెప్పులు తొడిగాడు, మూడుసార్లు విప్పాడు.

చౌరస్తాలో బొంబాయి బస్సు హారన్ కొట్టింది. ఆగి, ఇంకోసారి కొట్టింది. తర్వాత బస్సు పోయిన చప్పుడు వినిపించింది.

గంగాదాస్ పెట్టె దగ్గర కూర్చుని ముళ్లు విప్పడం మొదలుపెట్టాడు. ఒకటి రాకపోతే పళ్లతో లాగాడు. తాడంతా వచ్చాక, వాకిట్లో రెండు గుంజలకు బిగించి కట్టి, చేత్తో లాగి చూశాడు.

"దండెం తెగేటట్టున్నదని రాయిస్తివి గదా. గిది గట్టిది, పదేండ్లుంటది" అన్నాడు.

నీలవ్వ లేచి, బకెట్‌లోని తడిచీర తెచ్చి దాని మీద ఆరేసింది.