పడుగు పొడవు బయలు

ఎమ్మిగనూరులో మా ఇళ్ళ ముందున్న ఖాళీ జాగాను మేము బయలు అంటాం. ఈమధ్య మునిసిపాలిటీ వాళ్ళు దానికి సర్కిల్ అని బోర్డు తగిలించారు. గుండ్రంగా ఉండే యోగం దానికి ఏనాడూ లేదు. రెండు వరుసల ఇళ్ళ మధ్య సన్నగా, పొడుగ్గా, ఆరేసిన తువ్వాలులా ఉండేది. నేను ఆదోనిలో పాఠాలు చెప్పే బడి ఇరుకు సందులో ఉంది. అంత జాగా మీ పెద్దలు ఊరికే ఎందుకు వదిలేశారని అక్కడి పంతుళ్ళు అడుగుతుంటారు. అది మనుషుల కోసం వదిలింది కాదు, నూలు కోసం వదిలింది.

మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు పోగులను, బారుగా చాచి గంజి పట్టించి ఆరబెట్టాలి. పడుగు ఎంత పొడవో మా బయలు అంత పొడవు. రెండు కొసలా రాతి గుంజలు నాటి ఉండేవి. ఒకే ఒక వేపచెట్టు, అదీ మూలకు. మధ్యలో ఉంటే తడి నూలు మీద ఆకులు రాలుతాయి. కరెంటు స్తంభాలు కూడా గోడల వారనే వేయాలని మావాళ్ళు జగడమాడారట. ఇక మనుషులైతే బయలు మధ్యలో కాలు పెట్టకూడదు. పెళ్ళి ఊరేగింపైనా, పీర్ల పండుగకు పీర్లు ఎత్తుకొచ్చేవాళ్ళైనా గోడ వెంబడే పోవాలి. నూలు చాచి ఉన్నా, లేకున్నా అంతే. చిన్నప్పుడు ఒకసారి అడ్డంగా పరుగెత్తినందుకు మా చిన్నమ్మ గంజి కుంచెతోనే నా వీపు వాయించింది.

ఒక్కొక్క మగ్గమే మూలబడుతూ చివరికి మా చిన్నాయనది మిగిలింది. ఆయన పడుగును గుంజలకు కడితే, చిన్నమ్మ కుంచెతో గంజి దువ్వేది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ మగ్గం మీదే. తయారు పడుగు తెచ్చుకోరాదా అని ఎవరైనా అంటే, "ఇంగొకరు గంజి పెట్టింది నేసేది ఒక నేతేనా?" అని కసురుకునేవాడు. ఆయనకు బయలు లేకపోతే పడుగు లేదు, పడుగు లేకపోతే మగ్గం లేదు.

పోయిన ఏడాది బయలును అందంగా తీర్చాలని మునిసిపాలిటీకి బుద్ధి పుట్టింది. ఒక ఇంజనీరు వచ్చాడు. చిన్న వయసు, మంచివాడే. జనం నడిచే దారి చెడగొట్టకూడదని కొన్ని పొద్దులు టీ హోటల్ ముందు కూర్చుని ఎవరు ఎటు నడుస్తున్నారో చూశాడు. ఆ పొద్దుల్లో పడుగు చాచలేదు. ఆయనతో తాను మాట్లాడిన సంగతి చిన్నాయనే ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు.

"మధ్యలో ఎవరూ నడవరా అండీ?" అని అడిగాడట ఇంజనీరు.

"ఆడ ఎవురూ కాలు పెట్టరు సార్. మా తాతల కాడ్నించీ అంతే" అన్నాడట చిన్నాయన.

"అయితే అక్కడ ఏం కట్టినా ఎవరికీ ఇబ్బంది లేదన్నమాట" అని ఆయన మనసులో అనుకుని ఉంటాడు. ఎందుకు నడవరని ఆయన అడగలేదు. చెప్పాలని ఈయనకు తోచలేదు. అది తెలియని మనిషి ఒకడు ఉంటాడని చిన్నాయన కలలోనైనా అనుకోలేదు.

బయలు నడిమధ్యలో సున్నంతో గుండ్రంగా గీత గీసిన రోజు చిన్నాయన ఉరుక్కుంటూ పోయాడు. "మీరే కదండీ చెప్పారు" అన్నాడు ఇంజనీరు. వెటకారం కాదు, నిజంగానే నొచ్చుకున్నాడు. మేము కొందరం ఆఫీసుకు పోయి అడిగాం. మంజూరైన పని ఇక మారదన్నారు.

ఇంటికొచ్చాక చిన్నమ్మ ఊరుకోలేదు. "కొరివితో తల గోక్కుంటివి గదా! ఎవురూ కాలు పెట్టరని సెప్పినోనివి, ఎందుకు పెట్టరో సెప్పొద్దా?" అని దులిపేసింది.

రెయిలింగు, ఫౌంటెన్, బెంచీలతో సర్కిల్ లేచింది. చిన్నాయన పట్టు వదలక ఒక పొద్దున పడుగును గుంజలకు కట్టి, సర్కిల్ పక్కగా వంచి చూశాడు. లోపలి పోగులు వదులయ్యాయి, బయటివి తెగాయి. తెగిన పోగులను ముడి వేయకుండానే చుట్టుకుని లోపలికి పోయాడు. తర్వాత మగ్గం విప్పి అటకెక్కించాడు. ఇప్పుడు ఆదోనిలో ఒక బట్టల కొట్లో తానులు మడత పెడుతున్నాడు. పొద్దున ఒకే బస్సులో పోతాం. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియదు గానీ, ఆయన పక్కన కూర్చుంటే బాధగా ఉంటుంది.

ఫౌంటెన్‌లో నీళ్ళు రావు. మావాళ్ళు ఇప్పటికీ గోడ వెంబడే నడుస్తారు. మొన్న సాయంత్రం మాత్రం చిన్నమ్మ చెప్పులు చేత పట్టుకుని సర్కిల్‌లోకి పోయి, ఈ కొసనుంచి ఆ కొసకు, ఆ కొసనుంచి ఈ కొసకు నడుస్తూ కనిపించింది.

"యాడికి చిన్నమ్మా?" అన్నాను.

"యాడికీ లేదప్పా, ఊరికే నడుస్తాండాను" అంది. "మనం ఒక్కనాడన్నా దీన్ని తొక్కింటే, ఆ ఇంజనీరు పిల్లోడు ఇది ఖాళీ జాగా అనుకుంటుండెనా?"