పగడం మీద దుపట్టా నీడ

అద్దాల తొట్టె మూత తీయగానే గదంతా బందరు తీరం వాసన వేస్తుంది. ఇది భవానీపురంలో మూడో అంతస్తు. కృష్ణా నది దగ్గరే గాని సముద్రం ఎక్కడో ఉంది. ఆ ఉప్పు వాసన తగిలితే చాలు, పక్క ఫ్లాట్ నూర్జహాన్ మేడమ్ గుర్తుకొస్తారు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక ఆమెకు తోడు ఈ తొట్టె, ఇందులో గొడుగులా విచ్చుకునే ఈ మెత్తని పగడపు జీవి. నాకు తోడు ఎవరూ లేరు. నా భార్య వెళ్లిపోయాకే ఇక్కడ అద్దెకు దిగాను.

మేడమ్‌కు మనిషి కనిపిస్తే పెట్టాలి, అడగాలి. మొదటి రోజే సేమ్యా గిన్నె చేతిలో పెట్టి, "ఇంట్లోవాళ్లు ఎప్పుడొస్తారండీ?" అన్నారు. తర్వాత కూడా వడ్డించినప్పుడల్లా అదే ప్రశ్న. కడుపు నిండిందని లేచి వచ్చేసేవాణ్ణి. కొన్నాళ్లకు ఆ తలుపు ముందు చప్పుడు చేయకుండా నడవడం బాగా అలవాటైంది.

ఆ ఎండాకాలం ఒకరోజు ఆమే వచ్చి నా తలుపు కొట్టారు. తొట్టె నీళ్లను చల్లబరిచే మిషన్ చెడిపోయిందట. వెళ్లి చూస్తే గోధుమ రంగు పగడం ఉడికించిన గుడ్డులా తెల్లబడి, ముడుచుకుని ఉంది.

"చచ్చిపోయిందాండీ?" అన్నాను.

"లేదండీ. దీని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. రంగూ తిండీ దానివల్లే. నీళ్లు వేడెక్కితే ఆ నాచు వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి చేరేదాకా ఇది బతికుండాలి, అంతే."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది.

మిషన్ బాగుచేయించాం. మేడమ్ మాత్రం తన ధోరణిలో, "నీరసంగా ఉంది పాపం, ఇంకొంచెం తిననీ" అంటూ దానికి కొసరి కొసరి మేత వేశారు. నీళ్లు కలకబారి, పగడం మరింత కుంచించుకుపోయింది. ఆమె కుర్చీలో కూలబడ్డారు. "ఇన్నేళ్లు పాఠం చెప్పినదాన్ని. జ్వరమొచ్చినవాడికి బిర్యానీ పెట్టినట్టు పెట్టానండీ" అని కళ్లు తుడుచుకున్నారు.

ఇద్దరం కలిసి కొంచెం కొంచెంగా నీళ్లు మార్చాం. దానికి వెలుతురు కూడా భారమేనని, తన పాత నూలు దుపట్టాను నాలుగు మడతలు వేసి దీపం కింద తెరలా కట్టించారు. "కోలుకునే కొద్దీ ఒక్కో మడత విప్పుదాం. అప్పటిదాకా దాని జోలికి వెళ్లొద్దు. నీళ్లు ఒక్కతీరుగా ఉంచి, ఊరికే పక్కన కూర్చుందాం" అన్నారు.

అలా నేను ఆఫీసు నుంచి రాగానే టీ తాగుతూ తొట్టె ముందు కూర్చునేవాళ్లం. అప్పట్నుంచి ఆమె నన్ను కూడా ఆ ప్రశ్న అడగడం మానేశారు. అడగనందుకేనేమో, ఒక సాయంత్రం నేనే చెప్పాను, నా భార్య ఇక రాదని. ఆమె పగడం వైపే చూస్తూ, "టీ చల్లారిపోతోంది, తాగండి" అన్నారు. అంత ఊరట నాకు ఇంకెవరి మాటలోనూ దొరకలేదు.

వానలు పడ్డాక గొడుగు అంచున పల్చటి టీ రంగు కనిపించింది. మేడమ్ భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, ఒక మడత విప్పించారు. చలి మొదలయ్యాక రెండోది. మూడోది విప్పేలోపు ఆమె నిద్రలోనే పోయారు. బందరు నుంచి వచ్చిన మేడమ్ చెల్లెలు సామాను సర్దుతూ, "ఈ తొట్టె మీ దగ్గరే ఉండనివ్వండి, మాకు చేతకాదు" అన్నారు.

తొట్టెను నా గదికి మార్చుకుని, మూడో మడత నేనొక్కణ్ణే విప్పాను. నిన్న పొద్దున పగడం ముదురు గోధుమ రంగులో, సన్నని వేళ్లన్నీ చాపి నీళ్లలో ఊగుతోంది. చెబుదామని గబగబా వెళ్లి, పక్క తలుపు మీద చెయ్యి వేయబోయి ఆగాను. లోపల కొత్తగా దిగినవాళ్ల టీవీ మోగుతోంది. తిరిగొచ్చి తొట్టె ముందు కూర్చున్నాను. దీపం కింద ఆఖరి మడత ఇంకా ఉంది. పగడానికి ఆ నీడ ఇక అక్కర్లేదని నాకు తెలుసు. అది కూడా తీసేస్తే ఆమె నాకు చెప్పిన పని పూర్తయిపోతుంది. అందుకే ఇంకా తీయలేదు.