తాతారావు కుడిచేతికి పోటీ

“స్టీరింగు మీద అరచెయ్యి ఆనించి, ఇలా, అద్దం తుడిచినట్టు తిప్పేసిందయ్యా. మోండా మార్కెట్ మలుపులో, కూరగాయల తోపుడుబళ్ల మధ్య. రెండో చేత్తో పైట సర్దుకుంటోంది.”

తాతారావు చెబుతున్నది భార్య సీతారత్నం గురించి. వింటున్నవాడు మేడమీద అద్దెకుండే కల్యాణ్. బేగంపేటలో కంప్యూటర్ ఉద్యోగం. కొత్తగా కొన్న కారుకి దుమ్ము దులుపుతున్నాడు.

“మంచిదే కదా బాబాయిగారూ. పిన్నిగారు నేర్చుకుంటున్నారు.”

“నేర్చుకోనీ, ఎవరొద్దన్నారు. ఆ లీలాకుమారే దొరికిందా?”

మారేడ్‌పల్లిలో సగంమందికి స్టీరింగు పట్టించింది తాతారావే. కాకినాడ నుంచి వచ్చి, ఒక పాత ఫియట్ కొని డ్రైవింగ్ స్కూలు పెట్టాడు. ఆ బండి స్టీరింగు తిప్పడమంటే తిరగలి తిప్పినంత పని. అందుకే నేర్చుకునేవాళ్లు తిప్పుతుంటే, ఎడమ సీట్లోంచి కుడిచెయ్యి చాపి అడుగున పట్టుకుని తోసేవాడు. తోసీ తోసీ ఆ చెయ్యి ఎడమదానికంటే లావెక్కింది. టైలరు దానికి విడిగా కొలత తీసుకుంటాడు.

సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లొచ్చారు, కొత్త కార్లొచ్చాయి. సైనిక్‌పురి నుంచి లీలాకుమారి డ్రైవింగ్ నేర్పడానికి పవర్ స్టీరింగు బండితో దిగింది. కాలనీ ఆడవాళ్లంతా అటే పోయారు. దాన్ని ఎలాగో ఓర్చుకున్నాడు. రత్నం కూడా పోవడమే మింగుడుపడలేదు.

“అసలా పవర్ స్టీరింగు ఏం చేస్తుంది బాబాయిగారూ? తిప్పడమే గాని నాకూ తెలీదు.”

తాతారావు బానెట్ ఎత్తాడు. “ఇదిగో, ఇంజను తిరిగితే ఈ బెల్టు తిరుగుతుంది. బెల్టు ఈ పంపుని తిప్పుతుంది. పంపు నూనెని ఒత్తిడి మీద కిందికి పంపుతుంది. నువ్వు స్టీరింగు కాస్త కుడికి కదిపావనుకో, కింద వాల్వు తెరుచుకుని, నూనె చక్రాల్ని కుడికే నెడుతుంది. ఎడమైతే ఎడమకి. నువ్వు మొదలెట్టడమే, బరువంతా అది మోస్తుంది.” తన కుడిచెయ్యి చూసుకున్నాడు. “అంటే నా కుడిచెయ్యి చేసే పనే.”

నూనె మీద ఈర్ష్య ఏమిటని తనకే చిన్నతనమనిపించింది. అనిపించినా తగ్గలేదు.

“నూనె అరవదు కూడానండీ,” అంది సీతారత్నం, క్లాసు నుంచి వచ్చి గేటు తీస్తూ. “మీ చెయ్యొక్కటే తోసేదా, నోరూ తోసేది. మీ దగ్గర వారం తిరక్కుండా మానేశాను.”

“అరవకపోతే ఎవరైనా నేర్చుకుంటారా?”

“లీలాకుమారి ‘ఏం కాదు ఆంటీ, జెర మెల్లగ’ అంటుంది. నేను తిప్పేస్తాను. సోమవారం లైసెన్సు పరీక్ష. పక్కన ఆవిడే కూర్చుంటుంది.” లోపలికి వెళ్లిపోయింది.

పక్కన ఆవిడే. ఆ మాట పంటికింద రాయిలా తగిలింది.

“ఎక్కు కల్యాణ్. స్టార్ట్ చేసి తిప్పు. తిరిగిందా? ఇప్పుడు తాళం తియ్యకుండా ఇంజనొక్కటీ ఆపి తిప్పు.”

కల్యాణ్ రెండు చేతులూ వేసినా స్టీరింగు మొరాయించింది.

“చూశావా. ఇంజను ఆగితే పంపు ఆగింది. పంపు ఆగితే నీ నూనె చేతులెత్తేసింది.”

ఆ సంతోషం కాసేపే. రత్నానికి క్లచ్ ఇంకా కుదరలేదు. మార్కెట్లో బండి ఆగి ఆగి పోవడం తను చూశాడు. మలుపు మధ్యలో ఆగి, స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కితే? చెడిపోయిందనుకుని వదిలేస్తుంది. గట్టిగా లాగాలని ఆమెకెవరైనా చెప్పారా?

ఇంట్లోకి వెళ్లబోయి, గుమ్మం దగ్గర ఆగి, వెనక్కొచ్చాడు.

“నేను చెబితే ఎత్తిపొడుపనుకుంటుంది. ఆవిడ చెబితే వింటుంది.” చేదు మందు మింగినట్టు అన్నాడు. “రేపు ఆఫీసుకి వెళ్లేముందు లీలాకుమారిని కలువు బాబూ. ఖాళీ స్థలంలో ఇంజను ఆపించి, రెండు చేతులతో తిప్పించమను. నా పేరెత్తకు, నీకే తోచినట్టు చెప్పు. అలాగే, రత్నం తిప్పుతున్నప్పుడు ఆవిడ కూడా చెయ్యి వేస్తోందేమో కాస్త చూసి రా.”