ఏమీ జరగనివ్వని మనిషి

మా బిల్డింగ్ ఓనరుకి ఈమధ్య పచ్చదనం మీద మనసు పోయింది. మస్కట్ శివారు అల్ హైల్‌లో మొక్క నాటితే నీళ్లు పొయ్యాలి, నీళ్లు పోసే మనిషిని పెట్టుకోవాలి, ఆ మనిషికి వీసా తియ్యాలి. ఇంత గొడవెందుకని ఆయన టెర్రస్ నిండా ప్లాస్టిక్ గడ్డి పరిపించేశాడు. బట్టలు ఆరేసే చోట, నీళ్ల ట్యాంకు చుట్టూ, ఆఖరికి లిఫ్టు ముందు కాళ్లు తుడుచుకునే చోట కూడా అదే. మధ్యాహ్నం పూట చెప్పుల్లేకుండా దాని మీద అడుగుపెడితే పెనం మీద దోశ బతుకు ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఓనరుకి చెప్పాను. "చూడ్డానికి బాగుంది కదా," అన్నాడు. నిజమే, చూడ్డానికి బాగుంది. కిందింటివాళ్ల పిల్లి మొదటిరోజు సంబరంగా దాని మీద పడుకుని, మర్నాటి నుంచి మళ్లీ కారు కిందికే కాపురం మార్చేసింది. పిల్లికి అద్దె అగ్రిమెంటు లేదు.

ఈ గడ్డిని నాకన్నా బాగా తిట్టగలిగిన మనిషి నాకు తెలిసి ఒక్కడే. అతను బ్రెజిల్ వాడు, ఫుట్‌బాల్ డిఫెండర్, ఆ ఆటతోనే యూరప్‌లో పదిహేనేళ్లు పొట్టపోసుకున్నవాడు. "బెల్జియంలో ఒక చలికాలం ప్లాస్టిక్ గడ్డి నా కుడి మోకాలు తినేసింది," అనేవాడు, ఏదో ఊరకుక్క కరిచినట్టు. ఇప్పుడు తన సొంతూళ్లో ప్లాస్టిక్ గడ్డి పరిచిన చిన్న గ్రౌండొకటి గంటల లెక్కన అద్దెకిస్తున్నాడని విన్నాను. దేవుడికి హాస్యం తెలియదని నేననను. కాకపోతే ఆయన జోకులు కొంచెం మోటు.

అప్పట్లో నేను మస్కట్‌లో ఒక చిన్న క్లబ్బులో ఆఫీసు పని చేసేవాణ్ణి. పేరు చెప్పినా మీకు తెలియదు, చెప్పకపోతే వాళ్లకీ సుఖమే. కరీంనగర్‌లో చదివిన ఎమ్మే ఎకనామిక్సుని వీసాలకీ, బస్సు బుకింగులకీ, సాక్సుల పంపిణీకీ పూర్తిగా వినియోగించాను. ఆ బ్రెజిల్ డిఫెండర్ ఆఖరున రెండు సీజన్లు ఆడింది మా క్లబ్బుకే. అతను తప్ప ఆటగాళ్లంతా ఒమన్ వాళ్లే, అందరికీ ఉద్యోగాలున్నాయి. గోల్‌కీపరు పోలీసు, ఫార్వర్డు ఏదో మంత్రిత్వశాఖలో గుమాస్తా, మిగతావాళ్లలో సగం మంది సైన్యం. పగలంతా డ్యూటీలు చేసుకుని, సాయంత్రం మగ్రిబ్ నమాజయ్యాక గ్రౌండుకొచ్చేవాళ్లు. ఆటే ఉద్యోగమైనవాడు జట్టు మొత్తానికి మా డిఫెండర్ ఒక్కడే. పొద్దున్నే లేచి, బూట్లు బిగించుకుని గ్రౌండుకి వెళ్తే అక్కడ ఆడటానికి ఎవరూ ఉండరు. నీళ్లు పట్టే మా బావ ఉంటాడు, తాళాలు తియ్యడానికి వచ్చిన నేనుంటాను.

బావంటే నిజం బావ కాదు. జగిత్యాల వైపు మనిషి. మస్కట్‌లోనే ఘాలాలో ఒకే రూమ్‌లో, పక్కపక్క మంచాల మీద కొన్నేళ్లు పడుకున్నాక ఏదో ఒక వరస పెట్టుకోకపోతే బాగుండదని బావలమయ్యాం. ఇక్కడికి రాకముందు ఊళ్లో పెళ్లి వీడియోలు తీసేవాడు. తరవాత పెళ్లిళ్లకి డ్రోన్లు వచ్చాయి. బావ దగ్గర డ్రోన్ లేదు. గల్ఫ్ వచ్చి గడ్డికి నీళ్లు పట్టాడు.

డిఫెండర్‌కి ఎదురుగా దూసుకొచ్చేవాడు లేకపోతే సాధన సాగదు. అందుచేత పొద్దున పూట యూరప్ ఫార్వర్డు పాత్ర నాకూ బావకీ పడింది. అతను పెనాల్టీ బాక్సు గీత దగ్గర నిలబడి, "రండి, నన్ను దాటండి," అనేవాడు. "గీయన్ని దాటుడు, గోడ దుంకుడు ఒక్కటే బావా," అనేవాడు మా బావ, నీళ్ల పైపు పక్కన పడేసి. "నువ్వే ముందు వో. సదువుకున్నోనివి." నా పొట్టని కూడా వెంటబెట్టుకుని నేను పరిగెత్తేవాణ్ణి. అతను అడ్డం పడేవాడు కాదు, కాలు పెట్టేవాడు కాదు. నేను ఎటు వెళ్దామనుకుంటే అటు, నేననుకోవడానికి కొంచెం ముందే, నిలబడి ఉండేవాడు. బంతి దానంతటదే అతని దగ్గరికి పోయేది. ఒకటి మాత్రం చెప్పుకోవాలి. రెండో ఏడు ఎండలు ముదురుతుండగా ఒక పొద్దున నేను అతని కుడిపక్క నుంచి బంతితో సహా దాటిపోయాను. నా జీవితంలోని ఏకైక క్రీడా విజయం అది. వెనక్కి తిరిగితే అతను నడుం మీద చేతులు పెట్టుకుని, "గుడ్, వెరీ గుడ్," అంటున్నాడు. మన సంతోషం కోసం వదిలేశాడని బావ తేల్చాడు. "మర్యాదస్తుడు," అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

అతని యూరప్ కథ మాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది, నీడపట్టున నీళ్లు తాగేటప్పుడు. చెరుకుతోటల మధ్య ఏదో ఊరు. పంతొమ్మిదేళ్లకి పోర్చుగల్ రెండో డివిజను. అక్కణ్ణించి బెల్జియం, రొమేనియా, సైప్రస్. ఇటలీ పెద్ద లీగులో ఒక సీజను, అందులో సగం బెంచీ మీద. ఆ సీజన్లో ఒకనాడు, మిగతావాళ్లకి దెబ్బలు తగలడం వల్ల, అతనికి ఒక మహా ఫార్వర్డుని కాపు కాసే పని పడింది. పిల్లల బడి సంచుల మీద బొమ్మగా వచ్చేంత పెద్ద ఆటగాడు. ఆట సాంతం ఆ మహానుభావుడికి బంతి సరిగ్గా అందనే లేదు. మర్నాడు పేపరు కొని చూస్తే, ఆ ఫార్వర్డుకి నిన్న ఒంట్లో బాగున్నట్టు లేదని రాసి ఉంది. మా డిఫెండర్ జీవితంలోకెల్లా గొప్ప రోజు చరిత్రలో వేరొకడి జలుబుగా నమోదైంది. ఆ రోజు నుంచి అతను పేపరు చదవడం మానేశాడు, తన ఆట వీడియోలు చూడటం కూడా మానేశాడు. "ఏమీ జరగకుండా చూడటం నా ఉద్యోగం," అనేవాడు. "జరగనిదాన్ని ఎవరు రాస్తారు?"

కూతురు పోర్చుగల్‌లో, తల్లి దగ్గర ఉండేది. భార్యాభర్తలు విడిపోయి చాలాకాలమైంది. కూతురు పుట్టినప్పుడు అతను రొమేనియాలో ఉన్నాడు, నడక నేర్చినప్పుడు సైప్రస్‌లో, పళ్లూడినప్పుడు మా దగ్గర. రెండో సీజను సగంలో ఉండగా అతని ఏజెంటు ఫోన్ చేశాడు. కూతురుండే ఊరికి బస్సులో వెళ్లొచ్చేంత దూరంలో ఒక మూడో డివిజను క్లబ్బు ఉంది, వాళ్లకి అనుభవమున్న డిఫెండర్ కావాలి, ఈ ఏడాది ఆట వీడియో పంపిస్తే చూస్తామంటున్నారు. ఆ కబురు చెప్పడానికి అతను నా ఆఫీసుకొచ్చి, కుర్చీ ఉన్నా కూర్చోకుండా మాట్లాడాడు. "వాళ్లు తీసుకుంటే రోజూ స్కూలు గేటు దగ్గర నిలబడతాను," అన్నాడు. "ఊరికే నిలబడతాను. నిలబడటం నాకు బాగా వచ్చు." ఆ సీజను తరవాత మా క్లబ్బు అతన్ని ఉంచుకోదని అప్పటికే నాకు తెలుసు. అతనికీ తెలుసు. ఇది కాకపోతే ఇంకేదీ లేదు.

క్లబ్బు తీయించే వీడియో స్టేడియం పైనుంచి, బంతి వెంబడి పోయేది. అందులో మనుషులు చీమల్లా ఉంటారు. అప్పుడు బావ ముందుకొచ్చాడు. "బ్రెజిలన్న వీడియో నేను తీస్త. మూడువందల పెండ్లిలు తీసిన, గిదెంత?" అన్నాడు. మా ఖర్మ కొద్దీ మాకందరికీ సంతోషం వేసింది. ఆ తరవాత ఆడిన మ్యాచులన్నిట్లో, నిజ్వా ఊరు వెళ్లి ఆడినదాంట్లో కూడా, బావ మంచి ఫోనొకటి అరువు తెచ్చుకుని గీత పక్కన గొంతుక్కూర్చుని తీశాడు. నేను చూస్తుండగా చాలాసార్లు ఫోన్ దించి ఒళ్లో పెట్టుకునేవాడు.

"అతను అక్కడే ఉన్నాడు కదా బావా, తియ్యవేం?" అని అడిగాను.

"నిలవడ్డోన్ని ఏం తీస్త బావా? పెండ్లిల గూడ కుర్చీల కూసున్నోళ్లను తియ్యం. ఏదన్న అయితే తియ్యాలె, ఏం గానప్పుడు కెమెరా బంద్ జెయ్యాలె. గదే మా పని."

సబబుగానే వినిపించింది. క్రికెట్ చూసి పెరిగిన మా ఇద్దరికీ ఆటంటే ఏదో ఒకటి అవ్వాలి కదా. అయినప్పుడల్లా తీశాడు మరి. మా డిఫెండర్ నేల మీద జారుకుంటూ వచ్చి, ఫార్వర్డు కాళ్ల కిందినుంచి బంతి తన్నేసే దృశ్యాలు బోలెడు దొరికాయి. జారినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టారు. బావ వాటిని రూమ్‌లో కూర్చుని కూర్చాడు. జారేటప్పుడు స్లో మోషను, జారి లేచాక ఆకాశం నుంచి గులాబీ రేకులు, ఒక దృశ్యానికీ ఇంకో దృశ్యానికీ మధ్య రెండు హంసలు. చివర్లో మా డిఫెండర్ ముఖం గుండె ఆకారంలో ఇమిడి, మెల్లగా తిరిగింది. దాని కింద బంగారు అక్షరాలతో ధన్యవాదాలు. హంసలు తీసెయ్యమన్నాను. తీసేశాడు. రేకులు ఉండనిమ్మని బతిమాలాడు.

డిఫెండర్ చూడనన్నాడు. "నా ఆట నేను చూడను. మీరు చూశారు కదా, పంపించండి," అని ఏజెంటు నంబరు బావకిచ్చాడు. బావ దండం పెట్టుకుని పంపించాడు.

జవాబు వారంలోపే వచ్చింది. అది ఏజెంటు రాసింది కాదు, ఆ క్లబ్బు కోచ్ రాసినదాన్ని ఏజెంటు ఉన్నదున్నట్టు మాకు పంపాడు. రెండు వాక్యాలు. మనిషి మంచివాడిలా ఉన్నాడు. ఎక్కువసేపు నేల మీదే ఉంటున్నాడు. పూల గురించి ఏమీ అనలేదు, అది వాళ్ల మర్యాద.

ఆ సాయంత్రం, డిఫెండరూ బయటూళ్ల ఆటగాళ్లూ ఉండే క్లబ్బు విల్లాకి నేనూ బావా వెళ్లాం. డిఫెండర్ వంటింట్లో ఉన్నాడు, గట్టుకి ఆనుకుని. అక్కడ వండిపెట్టే అక్క, రాయచోటి దగ్గరి మనిషి, పొయ్యి మీద చేపల కూర చూసుకుంటోంది. అతను ఫోన్ మా ముందు పెట్టి, ఏళ్ల తరవాత మొదటిసారి తన ఆట తాను చూశాడు. పూర్తిగా చూశాడు, గుండె తిరిగేదాకా. తరవాత మెల్లగా చెప్పాడు. డిఫెండర్ నేల మీద జారాడంటే అంతకుముందే తప్పు చోట నిలబడ్డాడని అర్థం. జారడం ఆఖరి దిక్కు. యూరప్‌లో ఎవరు చూసినా మొదట చూసేది అదే. వయసు మళ్లిన డిఫెండర్ జారుతున్నాడంటే వాళ్లు ఇంకో వీడియో తెరుస్తారు. "నేను సరైన చోట ఉన్నప్పుడు ఎవరూ పడరు," అన్నాడు. "ఆ ముక్కలేవి?"

బావ నా వంక చూశాడు. "అప్పుడు ఏం గాలేదు గదన్నా. అందుకే బంద్ జేసిన," అన్నాడు.

నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఇంగ్లీషులో అది ఇంకా ఘోరంగా వినిపించింది. డిఫెండర్ తలాడించి, బావ భుజం మీద చెయ్యేసి, "రంగులు బాగున్నాయి," అన్నాడు. ఆ మాటకి బావ ఏడ్చాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాడు.

క్లబ్బు ఒక షీల్డు ఇచ్చి అతన్ని పంపేసింది. ఎయిర్‌పోర్టుకి నేనే దింపాను. దారిలో అతను కూతురికి ఫోన్ చేసి, ఈ ఏడాదికి కుదరలేదని చెప్పుకున్నాడు. ఆ పిల్ల ఏమందో నాకు తెలియదు, ఫోన్ తొందరగానే పెట్టేసింది. బావ ఇప్పుడు నిజ్వాలో ఏదో కంపెనీకి పార్కుల్లో చెట్లు చూసుకుంటున్నాడు. మొన్న సెలవుకి వెళ్లినప్పుడు సొంత తమ్ముడి పెళ్లిలో, ఊరంతా చెప్పినా, కెమెరా ముట్టుకోలేదట. ఎప్పుడు ఫోన్ చేసినా చివరికి అక్కడికే వస్తాడు. "బ్రెజిలన్న నిలవడ్డప్పుడు తీసి ఉంటె బాగుండు బావా."

పోయినవారం విల్లాకి వెళ్లాను, అక్క ఊరికి పోయే టికెట్టు ప్రింటు ఇవ్వడానికి. ప్లాస్టిక్ గడ్డి సంగతి చెబుతూ మాట డిఫెండర్ మీదికి పోయింది. బావ ఇంకా కుమిలిపోతున్నాడని చెప్పాను. ఆ వీడియో వల్ల మనిషికి అన్యాయం జరిగింది, అసలైన ఆట అంతా బయటే ఉండిపోయింది అన్నాను. ఇంకా కొంచెం ముందుకెళ్లి, కాలం కూడా మా బావలాంటిదే, మనం సరిగ్గా నిలబడ్డ రోజుల్లో కెమెరా ఆపేసి, జారిపడ్డ రోజులు మాత్రం పూలు చల్లి దాచిపెడుతుంది అని కూడా అన్నాను. ఎమ్మే చదివినవాణ్ణి, ఆమాత్రం ఉంటుంది.

అక్క ఉల్లిపాయలు తరుగుతూ విన్నది.

"అందురూ కింద కూచోని ఒకే తట్టలో తింటా ఉంటే, ఆయప్ప ఈ గట్టుకాడ నిలబడి తినేవోడు," అన్నది. "వాళ్ల దేశంలో అంతేనేమో అనుకుంటిరి మీరు. కూచుంటే ఆ మోకాలితో లేసేదానికి అయ్యేది కాదు. ఒకసారి నేనే రెట్ట పట్టుకోని లేపినా."

నేను టికెట్టు బల్ల మీద పెట్టాను.

"మీరిద్దురూ తీయలేదు తీయలేదని ఒగటే అనుకుంటా ఉండారు," అన్నది, కత్తి ఆపకుండానే. "ఆ యేడు తీసేదానికి ఆ మంచి ఆట ఉండిందా అప్పా?"