ఉత్తరం తల పెట్టిన మంచానికి సాకెట్లు

2023, రోహిణి కార్తె. సూర్యాపేటలో రోళ్లు పగిలే ఎండ. అప్పటికే నేను కరెంటు పనిలో ముదిరిపోయిన మనిషిని. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో మోటార్లు బిగించాను, కోదాడలో సగం ఊరికి వైరింగ్ చేశాను. సగం ఊరు అనేది టీ కొట్టు దగ్గర చెప్పే లెక్క. రాతలో నిలిచిపోతుంది కాబట్టి తగ్గించి చెప్తాను. ఒక వీధి. అందులోనూ ఒక వైపు.

ఎన్ని ఇళ్లలో పని చేసినా నేను ఈనాటికీ తలుచుకునేది ఒక హాలునే. చివ్వెంల పోయే దారిలో లింగమ్మ గారి ఇల్లు. ఆమె అంగన్‌వాడీలో ఆయా. భర్త సైదులు బస్సు డ్రైవరు, కోదాడ రూటులో చాలాకాలం, ఆ తర్వాత మిర్యాలగూడ రూటులో. ఆ ఎండాకాలమే పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట ఉంది గాని పక్క గదిలోకి వినపడేంత గట్టిగా రాదు. దవాఖానాలో ఉన్నాడు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారు.

లింగమ్మ నన్ను పిలిచి హాల్లో సాకెట్లు పెంచాలంది. ఉన్నది గుమ్మం పక్కన ఒక్కటే బోర్డు. దానికి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్, ఆ బాక్సుకు ఇంకో బాక్స్, పండగ తోరణంలాగా వేలాడుతున్నాయి. మంచం మీద గాలి పరుపు వేస్తారట. దాని పంపు ఆగకుండా నడవాలి, ఆగితే వీపు పుండ్లు పడుతుంది. కూలరు, టీవీ, ఫోన్ చార్జింగు సరేసరి. ఫ్యాను, లైటు స్విచ్చులు మంచం దగ్గరికి రావాలి. అన్నిటికంటే ముఖ్యం ఒక బెల్లు. స్విచ్చు మంచం దగ్గర, మోత వంటింట్లో.

ఈ మాత్రం దానికి గోడ పగలగొట్టడం ఎందుకు, తీగకు వేలాడే బెడ్ స్విచ్ ఒకటి ఇస్తాను, చేతిలో పట్టుకొని నొక్కుకుంటాడు అన్నాను. నాకూ పని తేలిక. ఆమె ఒప్పుకోలేదు.

"అది జారి కింద పడ్తదన్నా. పడితే తీసియ్యమని మల్ల ఎవల్నో ఒకల్ని పిలువాలె. పిలువాల్సొస్తదనే ఆయన దవాఖానల నీళ్లు తాగుడు బంజేసిండు. నీళ్లు తాగితే ఒంటికొస్తది, ఒంటికొస్తె మనిషిని పిలువాలె. డాక్టరు తిట్టినా తాగుతలేడు. నువ్వు జేసే బెల్లుతోనన్న తాగుతడేమో సూడాలె."

ఇంతకాలం నన్ను సాకెట్లు పెట్టమన్నవాళ్లు వస్తువుల పేర్లు చెప్పారు. మిక్సీకి, ఫ్రిజ్‌కి, ఇస్త్రీ పెట్టెకి. మనిషి నీళ్లు తాగడానికి సాకెట్టు పెట్టమన్నది ఈమె ఒక్కతే.

మర్నాడు పొద్దున నేను సామాను తీసుకొని పోయేసరికి లింగమ్మ డ్యూటీకి పోయింది. ఇంట్లో సైదులు అక్క అచ్చమ్మ ఉంది. పెన్‌పహాడ్ నుంచి తమ్ముడి కోసం వచ్చింది, గొర్లు పెంచే ఇంటి కోడలు. ఆమె నాకు మంచినీళ్లిచ్చి హాలు చూపించింది. పడమటి గోడ పక్కన నేల మీద ముగ్గుపిండితో మంచమంత గీత గీసి ఉంది. ఒక చివర గుండ్రంగా దిండు. గోడ మీద పసుపుతో బొట్లు, ఎక్కడెక్కడ ఏం కావాలో. నేను ఇంజనీర్లు గీసిన ప్లాన్లు చూశాను, కానీ అడుగు పెట్టి నిలబడగలిగే ప్లాను అదే మొదటిది.

ఒకటే లోపం కనపడింది. దిండు ఉత్తరం వైపు ఉంది. బతికున్న మనిషిని ఎవరన్నా ఉత్తరం తల పెట్టి పడుకోబెడతారా? పాపం, హడావిడిలో తప్పు గీసిందనుకున్నాను. అచ్చమ్మ కూడా చూసి ముక్కున వేలేసుకుంది. నేను కాలితో ఆ దిండు చెరిపి దక్షిణం వైపు గీశాను. బొట్లు కూడా తుడిచి ఆ వైపుకు మార్చి పెట్టాను. ఇక గోడకు గాడి కొట్టడం మొదలుపెట్టాను. అంటే కట్టర్‌తో గోడ కోసి, పైపు దాగేంత సందు చేయడం. ఇల్లంతా ఎర్ర దుమ్ము. మధ్యాహ్నానికి గాడి పూర్తయింది, బాక్సు కూర్చోవడానికి గోడలో గుంట కూడా తవ్వాను. సింహంలా పని చేశానని రాయాలనుంది. మధ్యలో ఒక కునుకు తీసిన సంగతి అచ్చమ్మకు తెలుసు కనుక రాయను.

లింగమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"నా ముగ్గు ఎవలు తుడిసిన్రు?"

"నేనే చెల్లె. తొందరల దిండు ఉత్తరం దిక్కు ఏసినవ్. సదిరిన," అన్నాను, మెచ్చుకుంటుందనుకొని.

ఆమె కోప్పడలేదు. చెప్పులు విడిచి, ఆ దుమ్ములోనే, నేను గీసిన మంచం మీద వెల్లకిలా పడుకుంది. తల దక్షిణానికి. ఎడమ చెయ్యి గోడ వైపు వచ్చింది. ఆ చేతిని నడుము కింద పెట్టుకుంది. కుడి చెయ్యి చాచింది. అక్కడ గోడ లేదు, ఉత్త గాలి.

"గీ చెయ్యే గద అన్నా పని జేసేది," అంది.

తర్వాత లేచి తల ఉత్తరానికి పెట్టి పడుకుంది. ఇప్పుడు కుడి చెయ్యి గోడకు ఆనింది. వేలి కొస తగిలినచోట గట్టిగా గీరింది. నేను తుడిచేసిన పసుపు మరక ఇంకా పోలేదు, సరిగ్గా ఆ పక్కనే ఉంది. అంటే ఆమె పొద్దున కూడా ఇలాగే పడుకొని, చెయ్యి చాచి, బొట్టు పెట్టిందన్నమాట.

ఈ కథ టీ కొట్టు దగ్గర చెప్పేటప్పుడు ఈ ఘట్టంలో నేనే కొలత టేపు తీసి, "చెల్లె, మంచం తిప్పాలె" అన్నట్టు చెప్తాను. నలుగురూ శభాష్ అంటారు. నిజానికి నేను నోరు తెరిచి నిలబడ్డాను, నోట్లోకి దుమ్ము పోయింది.

అచ్చమ్మ మాత్రం ఊరుకోలేదు. తన తమ్ముడిని శవంలా పడుకోబెట్టడానికి వీల్లేదంది. అయితే మంచం తూర్పు గోడకు వేద్దాం, తల దక్షిణానికే ఉంటుంది, కుడి చేతికి గోడా దొరుకుతుంది అని నేను రాజీ చెప్పాను. లింగమ్మ అదీ ఆలోచించింది. గుమ్మం ఉన్నది ఆ గోడకే. అటు పడుకుంటే రోడ్డు కనపడదు. ఇన్నేళ్లు బస్సు అద్దంలోంచి రోడ్డు చూసిన మనిషికి గోడ చూపిస్తే ఎట్లా అంది.

"ఉత్తరం తల పెడితే నా తమ్ముడు దక్కుతడా పిల్లా?" అంది అచ్చమ్మ.

"వదినె, దవాఖానల ఇన్ని దినాలు పండిండు. ఆడ మంచం ఏ దిక్కుకున్నదో నువ్వు జూసినవా? నేను జూసిన. ఉత్తరమే. గాడ నిలిసిన పానం ఇంట్ల నిలువదా?"

అచ్చమ్మ కొంగుతో కళ్లద్దుకుంది. చివరికి నా వైపు తిరిగి, నీ సంచిలో ఇనుప ముక్క ఏదన్నా ఉంటే ఇయ్యి, దిండు కింద పెడ్త, ఏ గాలీ సోకదు అంది. నా పాత కటింగ్ ప్లయర్ ఇచ్చాను. ఆ ఇంట్లో ఆ రోజు నేను చేసిన పనుల్లో వంక పెట్టడానికి వీల్లేనిది అదొక్కటే.

మళ్లీ గాడి కొట్టాను, ఈసారి లింగమ్మ గీరినచోటికి. గాలి పరుపు పంపుకు విడిగా ఒక సాకెట్టు, ఎవరూ పొరపాటున ఆపకుండా కింద. స్విచ్చులు, బెల్లు చేతికి అందే ఎత్తులో. ఎర్తింగ్ చూశాను. అంటే కరెంటు దారి తప్పితే మనిషిలోంచి కాకుండా నేలలోకి పోయే తీగ. అది పెరట్లో బట్టలుతికే బండ పక్కన గుంతలో ఉంది. గుంత ఎండిపోయి ఉంటే ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయించాను. నేను తప్పుగా కొట్టిన గాడి కూడా ఊరికే పోలేదు. కాళ్ల వైపు కూలరుకు సాకెట్టు అక్కడే పెట్టాను. ముందే అనుకొని చేశానని చాలామందితో అన్నాను. మీతో అనను.

సైదులు ఇంటికొచ్చిన రోజు నేనూ పోయాను, గాలి పరుపు పంపు చూసే వంకతో. ఆయనను మంచం మీదికి చేర్చారు. తల ఉత్తరానికి. అచ్చమ్మ దిండు కింద తడిమి చూసుకుంది. ఆయన గోడ వైపు చూశాడు. ఏ స్విచ్చు దేనికో నేను చెప్పబోతే లింగమ్మ నన్ను కళ్లతోనే ఆపి, వంటింట్లోకి పోయింది.

కుడి చెయ్యి మెల్లగా కదిలింది. ఫ్యాను తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది. తర్వాత వేలు బెల్లు మీద ఆగింది. చాలాసేపు అలాగే ఉంది. అచ్చమ్మ చీర కొంగు నోట్లో పెట్టుకుంది.

మోగింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. ఊరి స్టేజీలోకి వచ్చేముందు బస్సు హారన్ కొట్టినట్టు.

లింగమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గంతగనం కొడ్తున్నవ్. ఇది కోదాడ బస్సా, మిర్యాలగూడ బస్సా?"

ఆయన మూతి ఒక పక్కకే నవ్వింది. రెండో పక్క రాలేదు. "నీళ్లు తే," అన్నాడు.

గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరం కదల్లేదు. ఇంకో గ్లాసు అడిగాడు. లింగమ్మ తేవడానికి పోయింది, రావడానికి కొంచెం ఆలస్యమైంది. వంటింట్లో ఏం చేసిందో నేను చూడలేదు.

అప్పటిదాకా నా విద్యంతా సాకెట్టు ఏ వస్తువుకని అడగడంలో ఉంది. ఏ చేతికని అడగడం ఆ ముగ్గు ముందు నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరింటికి పోయినా ముందు నేల మీద పడుకొని, చెయ్యి చాచి చూసి, అప్పుడే గోడ మీద చెయ్యి వేస్తాను. ప్రతి ఇంట్లోనూ అని రాయబోయాను. నా మోకాళ్లు ఒప్పుకున్న ఇళ్లలో. ఒప్పుకోని చోట ఇంటాయనను పడుకోమంటాను. కొందరు నవ్వుతారు, కొందరు కసురుకుంటారు. ముగ్గుపిండి మాత్రం నా సంచిలో టెస్టరు పక్కనే ఉంటుంది.