అక్క కోసిన పైపు

ఈ ఉదయం షెడ్డులో ఎగ్జాస్ట్ పైపు కోస్తుంటే కాలిన ఉక్కు వాసన వచ్చింది. గ్రైండర్ ఆపాను. ఈ వాసన వస్తే నాకు వసుంధరక్క గుర్తొస్తుంది. ఆమె పోయి ఏడాది కావొస్తోంది. నాంపల్లి స్టేషన్ వెనక సందులోని ఈ షెడ్డు ఆమెదే. వాళ్ల పెద్దలు గుంటూరు వైపు నుంచి వచ్చి అబిడ్స్‌లో స్థిరపడ్డారు. ఆమె ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం మానేసి, కార్ల పనిలోకి వచ్చింది. నాకు పని నేర్పింది ఆమే.

మా దగ్గరికి ఎక్కువగా రెండు చిన్న టర్బోలు తీసేసి ఒక పెద్దది పెట్టమనేవాళ్లు వచ్చేవారు. ఇంజన్ వదిలే పొగతోనే తిరుగుతూ టర్బో ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెడుతుంది. ఆ ఒత్తిడే బూస్ట్. పెరిగితే బలం, హద్దు దాటితే పిస్టన్లు పగులుతాయి. హద్దు రాగానే పొగను టర్బోకి పోనివ్వకుండా పక్కకు వదిలే తలుపు వేస్ట్‌గేట్. అప్పటిదాకా దాన్ని మూసి ఉంచేది ఒక స్ప్రింగు. కొత్తగా మార్చిన బండిని అక్క మొదట ఆ స్ప్రింగు మీదే నడిపేది. బూస్ట్ పెంచే కంట్రోలర్‌ను తీసి బల్ల సొరుగులో పెట్టేది. “ముందు ఆగడం రావాలి. పరుగు తర్వాత” అనేది. తాళం చెవి ఇచ్చే ముందు వేస్ట్‌గేట్‌కు వెళ్లే సన్నటి రబ్బరు గొట్టాన్ని చేత్తో లాగి చూసేది. అది ఊడితే తలుపు తెరుచుకోదు మరి.

లక్డీకాపూల్‌లో హోటల్ నడిపే నరేందర్ బండి ఒకసారి పెద్ద టర్బో కోసం మా దగ్గర చాలాకాలం ఉంది. ఆదివారం స్నేహితులతో దాన్ని బయటికి తీయాలని ఆయన పట్టుదల. ఆ స్నేహితులు తమ బండ్లూ మాకే ఇస్తామన్నారు. శుక్రవారం బండిని షెడ్డులోనే, చక్రాలు ఉన్నచోటే తిరిగే రోలర్ల మీద పరుగెత్తించాం. స్ప్రింగు మీద నడిపితే బూస్ట్ గేజు ముల్లు ఒకచోట నిలబడాలి. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ అది మెల్లగా పైకి పాకింది. గొట్టం గట్టిగానే ఉంది, గేజు మార్చినా అంతే. బూస్ట్ మించితే బండిలోని కంప్యూటర్ ఇంజన్‌కు పెట్రోలు ఆపేస్తుంది. “ఆ హద్దు జర పెంచుదామక్కా. జోరుగ తోలొద్దని చెప్దాం” అన్నాను.

“శ్రీశైలం, అది పెట్టింది మన తప్పు దాచుకోడానికి కాదు” అంది అక్క నాతో.

బండి కింద దూరి చాలాసేపు చూసింది. వేస్ట్‌గేట్‌కు వెళ్లే పైపు ఎగ్జాస్ట్ పైపుకు అడ్డంగా, లంబకోణంలో ఉంది. అంత మలుపు తిరగలేక పొగ నేరుగా టర్బోలోకే పోతోంది. ఆ నమూనా అక్క గీసిందే. సాయంత్రం నరేందర్ రాగానే ఆ మాటే చెప్పింది.

ఆయన ముఖం మాడిపోయింది. “బండి మంచిగనే ఉరుకుతున్నది గదక్కా. గిట్లనే ఇయ్యండి. లేకుంటే ఇంకో షెడ్డుకు తీస్కపోత.”

“ఉరుకుతుంది నరేందర్ గారూ. ఎక్కడ ఆగాలో దానికి తెలియట్లేదు. గీత నాది, తప్పు నాది.”

“హోటల్ల కూర ఉప్పగైతే నేను గిట్ల చెప్పుకుంటనా?”

“చెప్పరు. అందుకే మీ దగ్గర టీ ఒక్కటే తాగుతాను.”

ఆయన నవ్వలేదు. కానీ బండి తీసుకుపోలేదు. స్టూలు లాక్కుని, అక్క ఆ పైపు కోస్తుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆదివారం స్నేహితుడి బండిలో వెనక సీట్లో వెళ్లాడట. అది చాన్నాళ్లు చెప్పి మమ్మల్ని సాధించాడు. స్నేహితుల్లో ఒక్కరు కూడా మా దగ్గరికి రాలేదు. ఏటవాలుగా, కాస్త లావుగా కొత్త పైపు పెట్టాక ముల్లు స్ప్రింగు హద్దు దగ్గరే నిలబడింది. అప్పుడే అక్క సొరుగు తెరిచి కంట్రోలర్ తీసింది. బూస్ట్‌ను కొద్దికొద్దిగా పెంచింది.

కోసిన ముక్కను మాత్రం వైరుతో గుమ్మం పక్కన కట్టింది. వచ్చినోళ్లంత చూస్తరక్కా అంటే, చూడనీ అంది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

నిన్న ఒక బండికి ముల్లు అలాగే పాకింది. ఈసారి గీత నాది. ఆ బండి ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. నాలుగు మాటలన్నాడు, పడ్డాను. పొద్దున కోసిన ముక్క ఇప్పుడు చల్లారింది. అక్క ముక్క పక్కన కట్టడానికి వైరు కోసం సొరుగు తెరిచాను. పైనే ఆ బండి కంట్రోలర్ ఉంది. దాన్ని కొంచెం జరిపి, వైరు తీసుకుని, సొరుగు మళ్లీ మూశాను.