అక్కకు అమ్మవారు పోసింది జాతర మానినందుకు కాదు

మా అమ్మ తను చేయని తప్పుకు ఏడేళ్లుగా శిక్ష అనుభవిస్తోంది. ఆ తప్పు నాది. నోటిమాటగా చెబితే ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చుకుంటారు. అందుకే రాసిపెడుతున్నాను.

పదో తరగతితో బడి మానేశాను. మిగతాదంతా తిరుపతి గ్రంథాలయంలో చదువుకున్నదే. ఆ మాట చెప్పుకోవడానికి అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను.

మా అక్క భారతి శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీకి పోయేది. కీళ్ళవాతానికి ఆమె మింగే మాత్రలు రోగాన్ని ఎదిరించే శక్తిని అణిచిపెడతాయని నాకు తెలుసు. ఆ ఏడు మా వీధి పిల్లలకు వరసగా అమ్మవారు పోసింది, అదే, ఆటలమ్మ. అక్కకు చిన్నప్పుడు రాలేదు. శక్తి తగ్గినవాళ్ళకు ఆ జబ్బు ప్రమాదమని, దానికి టీకా ఉందని ఒక పుస్తకంలో చదివి, అక్కడితో మూసేసి, అక్కను ఒక క్లినిక్‌కు లాక్కుపోయాను.

నర్సు సుజాత అడిగింది: "ఈమె ఏమన్నా మాత్రలు మింగతా ఉండాదా?"

"ఉత్త నొప్పుల బిళ్ళలక్కా" అన్నాను.

"సరిగ్గా చెప్పు మా. రేపు నా తల మీదికి తెస్తావు."

అక్క నవ్వింది. "మా చెల్లెలు లైబ్రరీలో డాక్టరు చదివిందిలే, వెయ్యక్కా."

ఎందుకు అబద్ధమాడాను? డాక్టరు చీటీ తెమ్మని తిప్పి పంపుతుందనా? నాకన్నా ఈమెకేం తెలుసనా? రెండోదే.

టీకా వేసిన మూడో వారం అక్క ఒళ్ళంతా పొక్కులు. పరుగెత్తి మళ్ళీ ఆ పుస్తకం తెరిచాను. పేజీ తిప్పితే ఉంది. అది బతికున్న క్రిమిని బలహీనపరిచి చేసిన టీకా. అలాంటి మాత్రలు వాడేవాళ్ళలో ఆ క్రిమే జబ్బు తేవచ్చు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మానికి వేపాకు కట్టి ఏడుస్తోంది. ఆ ఏడు గంగమ్మ జాతరకు తను మొక్కు వేషం కట్టలేదట, తల్లికి కోపమొచ్చిందట. ఇలాంటి మాటలకు రోజూ వాదించే నేను ఆ రోజు నోరు మూసుకున్నాను. నమ్మానా? లేదు. నాకు పనికొచ్చింది, అంతే. రెండు రోజులు వేపాకుల మీద పడుకోబెట్టి, ఊపిరి ఆడకపోతేనే ఆస్పత్రికి తీసుకుపోయాం. అక్కడ డాక్టరుకు చాటుగా నిజం చెప్పాను. అక్క బతికింది. మెట్లెక్కితే ఆయాసం మిగిలింది, ఉద్యోగం పోయింది.

అప్పటినుంచి అమ్మ ప్రతి జాతరకూ వేషం కట్టి, ఎండలో చెప్పుల్లేకుండా నడుస్తోంది. పోయినసారి దోవలో పడిపోయింది.

ఆడదానికి పుస్తకాలెందుకు అనేవాళ్ళు ఈ కాగితం చూసి సంబరపడొద్దు. చదివినందుకు తల దించను. సగం చదివి అబద్ధం చెప్పినందుకు, ఆ అబద్ధాన్ని గంగమ్మ మీదికి తోసి అమ్మచేత మోయించినందుకు దించుతాను. మీ ఇంట్లో అలాంటి మాత్రలు వాడేవాళ్ళుంటే ఏ టీకాకైనా ముందు మందుల చీటీ చూపించండి. కొన్ని టీకాలు వాళ్ళకు అవసరమే. ఏవో చెప్పాల్సింది డాక్టరు, నాలాంటిది కాదు.

అడగాల్సింది అడిగిన సుజాతక్కకు, తిట్టకుండా వెంటనే మందు మొదలుపెట్టిన డాక్టరు రమణయ్యకు, "ఈ కాగితం అమ్మకు నువ్వే సదువు, నేను పక్కన కూసుంటా" అన్న భారతక్కకు దండాలు. మా అమ్మ రెడ్డెమ్మకు, పైన రాసిందంతా చివరిదాకా విన్నందుకు. క్షమించమని నేను అడగలేదు. ఆమె లేచి లోపలికి పోయింది. పోనీ. ఈసారి జాతరకు పోతే తన ఇష్టంతో పోతుంది, నా తప్పుకు కాదు.